బనానా పుడ్డింగ్ తెల్లారేసరికి నీళ్లయిపోయింది, ఏం చేయను?

ప్రశ్న: మేం అట్లాంటా శివార్లలో ఉంటాం. ఇక్కడికి వచ్చి మూడేళ్లయింది. మాకు తెలిసిన ఒక పెద్దావిడ ఈసారి థాంక్స్‌గివింగ్ (నవంబరులో గురువారం నాడు వచ్చే అమెరికా పండగ) భోజనానికి మమ్మల్నీ పిలిచింది. ఇరవై ఇద్దరం అవుతామట, తలా ఒక వంటకం తేవాలి. "నీ పేరు ఎదురుగా బనానా పుడ్డింగ్ రాశాను" అంటే నేను సరే అనేశాను. మొన్న ఒకసారి ట్రయల్ చేశాను. నాలుగు గుడ్ల పచ్చసొన, పాలు, పంచదార, కార్న్‌ఫ్లోర్‌తో కస్టర్డ్ కాచి, బిస్కెట్లు, అరటి ముక్కలు పొరలుగా పేర్చాను. రాత్రి గట్టిగానే ఉంది. పొద్దున్న మూత తీస్తే కస్టర్డ్ మజ్జిగలా అయిపోయింది, పైన అందంగా పేర్చిన ముక్కలన్నీ నల్లబడ్డాయి. పైగా మా అత్తయ్యగారు మా దగ్గరే ఉన్నారు, ఆవిడ గుడ్డు ముట్టరు. ఆవిడకి వేరే గిన్నెలో చేయాలా? పార్లే-జీ వాడొచ్చా? యాలకులు, కుంకుమపువ్వు వేస్తే రుచి పెరుగుతుందా? చాలా టెన్షన్‌గా ఉందండీ.

జవాబు: మీ కస్టర్డ్ ఎందుకు నీరుగారిందో మీ ఉత్తరంలో లేదు గానీ, నేను పందెం కాసి చెప్పగలను. గరిటెకు చిక్కగా అంటుకుని, మొదటి బుడగ కనబడగానే "అయ్యో, గుడ్డు విరిగిపోతుంది" అని గబుక్కున స్టవ్ కట్టేశారు. అవునా?

నాకెలా తెలుసంటే, నేనూ అదే చేశాను. ఈ దేశం వచ్చిన మొదటి ఏడాది, తలా ఒకటి వండి తెచ్చే పాట్‌లక్ విందుకి పెద్ద గాజు గిన్నె నిండా చేసి పట్టుకెళ్లాను. అక్కడ మూత తీసేసరికి బిస్కెట్లు వరదలో కొట్టుకొచ్చిన చెప్పుల్లా తేలుతున్నాయి. ఎవరో పుణ్యాత్మురాలు గరిటెతో కప్పుల్లో పోసి, "ఈ సాస్ భలే ఉంది" అంది. ఆ మర్యాద నాకు ఇప్పటికీ గుచ్చుకుంటుంది.

సంగతి ఏమిటంటే, గుడ్డు పచ్చసొనలో అమైలేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. పిండిని విడగొట్టడం దాని పని. మన ఎంగిలిలో ఉండేదీ ఆ జాతిదే. అందుకే ఎంగిలి స్పూను పెట్టిన కస్టర్డ్ గిన్నె కూడా కాసేపటికి పల్చబడిపోతుంది. కస్టర్డ్‌ని బాగా మరగనిస్తే ఆ ఎంజైమ్ చచ్చిపోతుంది. మధ్యలోనే దించేస్తే అది బతికి ఉండి, రాత్రంతా ఫ్రిజ్‌లో కూర్చుని మీ కార్న్‌ఫ్లోర్‌ని మెల్లగా తినేస్తుంది. కాబట్టి కార్న్‌ఫ్లోర్ వేసిన గుడ్డు కస్టర్డ్ ఉప్మా ఉడికినట్టు బుడుక్ బుడుక్‌మని బుడగలు పేలుతూ ఒకటి రెండు నిమిషాలు పూర్తిగా ఉడకాలి, మీరు అడుగంటకుండా కలుపుతూనే ఉండాలి. గుడ్డు విరుగుతుందన్న భయం వద్దు, పిండి ఉన్నచోట పచ్చసొన అంత తేలిగ్గా గడ్డకట్టదు. పిండి లేకుండా ఉత్త గుడ్డు, పాలతో చేసే కస్టర్డ్‌కి మాత్రమే ఆ భయం.

ఇంత చెప్పాను గానీ, ఈసారి మీరు గుడ్డు వేయొద్దు. అందరికీ కలిపి ఒకటే గిన్నె, గుడ్డు లేకుండా చేయండి. అత్తగారికి వేరే గిన్నె అంటే అదొక అదనపు పని. పైగా రెండు గిన్నెలు ఒకే టేబుల్ మీద పెట్టాక ఏ గరిటె ఎందులో పెట్టారో ఎవరు చూస్తారు? కొన్నేళ్లు కార్తీకమాసం కూడా థాంక్స్‌గివింగ్‌తో కలిసి వస్తుంది. అప్పుడు మన వాళ్లలో గుడ్డు తినేవాళ్లు కూడా మానేసి కూర్చుంటారు.

"గుడ్డు లేకపోతే అసలు పుడ్డింగేనా అని భోజనానికి పిలిచినావిడ అనుకుంటుందేమో" అని మీకు అనిపించవచ్చు. ఆ బెంగ వద్దు. ఈ వంటకానికి పేరుపడ్డ అమెరికా దక్షిణాదిలోనే ఇది ఇంటికో తీరు. పాతకాలం వాళ్లు పచ్చసొనతో కస్టర్డ్ కాచి, మిగిలిన తెల్లసొన గిలక్కొట్టి పైన నురుగులా పరిచి, ఓవెన్‌లో ఎర్రగా కాల్చి, వేడిగా వడ్డిస్తారు. మెరాంగ్ అంటారు దాన్ని. ఇంకో సగం మంది దుకాణంలో దొరికే ఇన్‌స్టంట్ పుడ్డింగ్ పొట్లం విప్పి చల్లటి పాలలో కలిపేస్తారు, అందులో గుడ్డు ఊసే లేదు. న్యూయార్క్‌లో 1996లో మొదలైన మాగ్నోలియా బేకరీకి పేరు తెచ్చిన బనానా పుడ్డింగ్ కూడా ఇన్‌స్టంట్ పొడి, కండెన్స్‌డ్ మిల్క్, క్రీమ్ కలిపి చేసేదే. ఇప్పుడు అందరూ వాడే గుండ్రటి వెనిలా వేఫర్ బిస్కెట్లు కూడా తర్వాత వచ్చి చేరినవే. 1888లో గుడ్ హౌస్‌కీపింగ్ పత్రికలో అచ్చయిన పద్ధతిలో స్పాంజి కేకు ముక్కలే ఉన్నాయి, కేకు, పండ్లు, కస్టర్డ్ పొరలుగా పేర్చే ఇంగ్లిషు వాళ్ల ట్రైఫిల్‌లాగా. బిస్కెట్ కంపెనీ వాళ్లు డబ్బా వెనక ఈ వంటకం అచ్చు వేశాక ఇంటింటికీ బిస్కెట్ అలవాటైపోయింది.

తమాషా ఏమిటంటే, ఆ దక్షిణాది నేలమీద అరటితోటలు లేవు. ఓడల్లో న్యూ ఆర్లియన్స్ రేవుకు దిగి, అక్కడి నుంచి రైళ్లెక్కి ఊళ్లకు చేరేవి గెలలు. అయినా టెనెసీలోని సెంటర్‌విల్ అనే చిన్న ఊరు 2010లో ఏకంగా బనానా పుడ్డింగ్ పండగ మొదలుపెట్టింది.

ఇక గుడ్డు లేని కస్టర్డ్ మీకు కొత్తదేం కాదు. ఇండియన్ స్టోర్‌లో దొరికే కస్టర్డ్ పౌడర్ ఉంది చూశారూ, అది పుట్టిందే గుడ్డు పడనివాళ్ల కోసం. 1837లో ఇంగ్లండ్‌లోని బర్మింగ్‌హామ్‌లో ఆల్ఫ్రెడ్ బర్డ్ అనే ఆయన, భార్యకు గుడ్డు సరిపడక, కార్న్‌ఫ్లోర్‌తో తయారుచేశాడు. మీ అత్తగారు పెళ్లిళ్లలో తిన్న ఫ్రూట్ సలాడ్‌లో పసుపురంగు చిక్కటి పాలు అవే. ఆవిడకి ఒక మాట చెప్పి చూడండి, మొహం విప్పారుతుంది.

కొలతలు రాసుకోండి. తొమ్మిది అంగుళాలు పదమూడు అంగుళాల గాజు ట్రే ఉంటుంది కదా, మీరు లజానియాకో కేక్‌కో వాడేది, అది ఒకటి చాలు. ఇరవై ఇద్దరికి ఒక ట్రేనా అనుకోకండి. ఆ రోజు టేబుల్ మీద గుమ్మడి, పికాన్ గింజలు, చిలగడదుంపలతో చేసే 'పై' అనే తీపి వంటకాలు కూడా ఉంటాయి. ఎవరూ నాలుగు చెంచాలకు మించి వేసుకోరు. ఒక లీటరు ఫుల్ ఫ్యాట్ పాలు, 397 గ్రాముల కండెన్స్‌డ్ మిల్క్ డబ్బా ఒకటి, మూడు చెంచాల పంచదార, తొమ్మిది పెద్ద చెంచాల కస్టర్డ్ పౌడర్ (చెంచా అంచుకు సమంగా, గుట్టగా కాదు), చిటికెడు ఉప్పు, రెండు చెంచాల వెన్న. ఉప్పు మానేయొద్దు. అది లేకపోతే తీపి మొహం మొత్తుతుంది.

లీటరులోంచి ఒక కప్పు పాలు ముందే తీసి, చల్లగా ఉండగానే పొడిని ఉండలు లేకుండా కలుపుకోండి. మిగతా పాలు, కండెన్స్‌డ్ మిల్క్, పంచదార, ఉప్పు అడుగు మందంగా ఉన్న గిన్నెలో పెట్టి, పొంగు వచ్చేముందు మంట తగ్గించి, కలిపిన పొడిని ఒక చేత్తో పోస్తూ ఇంకో చేత్తో కలపండి. ఇందులో పచ్చసొన లేదు కాబట్టి పల్చబడే గొడవ లేదు, కానీ పచ్చి పిండి వాసన పోవాలంటే ఇదీ రెండు నిమిషాలు బుడగలతో ఉడకాల్సిందే. గరిటె వెనక వేలితో గీత గీస్తే, గీత కలిసిపోకుండా నిలవాలి. దించి వెన్న కలపండి. పైన మీగడలా పొర కట్టకుండా క్లింగ్ ర్యాప్‌ని కస్టర్డ్‌కి అంటుకునేలా పరిచి పక్కన పెట్టండి. గిన్నె అంచుల మీద బిగిస్తే లాభం లేదు, కస్టర్డ్‌నే తాకాలి.

ఇప్పుడు అరటిపండు. మీ ముక్కలు నల్లబడటానికి కారణం గాలి. కోసిన చోట గాలి తగిలితే పండులోని ఇంకో ఎంజైమ్ పని మొదలుపెడుతుంది. చాలామంది నిమ్మరసం చల్లమంటారు. నేను చల్లను. పాల తీపిలో ఆ పులుపు నాలుకకు అడ్డం పడుతుంది. దానికంటే సులువైన పని ఉంది: పై పొరలో అరటి ముక్క పెట్టకండి. ప్రతి ముక్కా కస్టర్డ్ కింద మునిగి ఉంటే గాలి తగలదు, నలుపు రాదు. గాజు ట్రే గోడలకు ఆనేలా కూడా ముక్కలు పెట్టొద్దు, అక్కడ బిస్కెట్లు నిలబెట్టండి, బయటనుంచి చూడ్డానికీ అందమే. పైన అరటి కనబడాలని మరీ మనసైతే, వడ్డించే ముందు అక్కడే ఒక పండు కోసి వేయండి.

పండు ఏ పాకాన ఉండాలన్నది అన్నిటికంటే ముఖ్యం. చాలామంది బుధవారం కొట్టుకు పరిగెత్తి, కొనలు పచ్చగా ఉన్నవి తెచ్చి కోసేస్తారు. అవి వగరు. కస్టర్డ్‌లో మగ్గుతాయిలే అనుకుంటే మగ్గవు. గురువారం పండగ కాబట్టి శనివారమో ఆదివారమో కొనండి, లేత ఆకుపచ్చగా ఉన్నా ఫర్వాలేదు. వంటింట్లో బయటే ఉంచండి. నవంబరు చలికి మగ్గడం ఆలస్యమైతే ఒక ఆపిల్‌తో కలిపి కాగితం సంచిలో పెట్టి మూతి మడవండి. మన వాళ్లు బియ్యం డబ్బాలో పెట్టేవారు, అదే కిటుకు. తొక్క అంతా పసుపై, అక్కడక్కడ నువ్వుగింజంత మచ్చలు తేలినరోజు కోయాలి. మచ్చలు కలిసిపోయి గోధుమరంగు పట్టిందంటే అది బనానా బ్రెడ్‌కి, పుడ్డింగ్‌కి కాదు. ఏడెనిమిది పండ్లు పడతాయి. కోయడం కాలంగుళం మందాన. పల్చగా కోస్తే పొద్దుటికి జావైపోతాయి.

(ఇండియాలో చేసే పాఠకులు అడుగుతారని ముందే చెబుతున్నాను. అమెరికాలో దొరికేది కావెండిష్ రకం. మన దగ్గర పులివెందుల వైపు నుంచి వచ్చే పొడుగాటి గ్రాండ్ నైన్ ఆ కుటుంబమే. రావులపాలెం చక్కెరకేళి తినడానికి అమృతమే గానీ, ఇందులో వేస్తే మెత్తగా కరిగి ఆనవాలు లేకుండా పోతుంది. అలాగే అక్కడ మామూలుగా దొరికే అమూల్ ఫ్రెష్ క్రీమ్‌లో కొవ్వు 25 శాతమే, ఎంత గిలక్కొట్టినా నిలబడదు. కేకులు చేసేవాళ్లు వాడే విప్పింగ్ క్రీమ్ కొనుక్కోండి.)

బిస్కెట్ల దగ్గర ఒక మెలిక ఉంది. ఇక్కడి నిల్లా వేఫర్స్ (ఇందాక చెప్పిన వెనిలా వేఫర్ బిస్కెట్లే) డబ్బా మీద పదార్థాల జాబితా చదవండి, అందులో గుడ్డు ఉంటుంది. కస్టర్డ్‌లో గుడ్డు మానేసి ఇవి వేస్తే అత్తగారిని మోసం చేసినట్టే. పార్లే-జీ వాడొచ్చా అన్నారు. వాడొచ్చు, గుడ్డు లేదు, గోధుమ వాసన అరటిపండుకి బాగా నప్పుతుంది కూడా. కానీ చాయ్‌లో ముంచిన పార్లే-జీ ఎంతసేపు నిలుస్తుందో మీకు నేను చెప్పాలా? "ఒకటి, రెండు" అనేలోపు కప్పు అడుగున ఉంటుంది. రాత్రంతా కస్టర్డ్‌లో ఉంటే హల్వా. అందుకని నేను మేరీ బిస్కెట్లు వాడతాను, లేదా గుడ్డు లేని షార్ట్‌బ్రెడ్. మేరీ తడిసి కేకులా మెత్తబడుతుంది, అయినా పొరగా నిలబడుతుంది. మనకు కావలసింది అదే. బిస్కెట్ కరకరలాడకూడదు, కరిగిపోనూ కూడదు, చెంచాతో కోస్తే తెగాలి. పార్లే-జీ మీద అంత మమకారం ఉంటే ఒక పొట్లం పొడిచేసి ఉంచుకోండి, చివర్లో పైన చల్లుదురుగాని.

పొరలు పేర్చడం బుధవారం సాయంత్రం. కస్టర్డ్ గోరువెచ్చగా ఉన్నప్పుడే పేర్చాలి. పూర్తిగా చల్లారిన కస్టర్డ్ ముద్దలు ముద్దలుగా పడుతుంది, ముక్కల మధ్య సందుల్లోకి దిగదు, ఆ సందుల్లో గాలి ఉంటుంది, మళ్లీ నలుపు. ట్రే అడుగున రెండు గరిటెల కస్టర్డ్ పూయండి, బిస్కెట్లు జారకుండా అంటుకుంటాయి. దాని మీద బిస్కెట్లు ఒకదాని అంచు ఒకటి తాకేలా పరిచి, వాటిమీద అరటి ముక్కలు, మీద కస్టర్డ్. గరిటె వెనకతో మెల్లగా నొక్కండి, సందుల్లోంచి చిన్న బుడగ పైకి వచ్చి పగులుతుంది. అది కనబడితే నాకు సగం పని అయిపోయినట్టు అనిపిస్తుంది. ఇంకోసారి అదే వరుస. చివరికి పైన కస్టర్డే ఉండాలి, ఏ ముక్కా తల బయట పెట్టకూడదు. మళ్లీ క్లింగ్ ర్యాప్ అంటించి ఫ్రిజ్‌లో రాత్రంతా ఉంచండి. ఆరుగంటలు కనీసం. పన్నెండు గంటలైతే బిస్కెట్ ఇంకా బాగుంటుంది. రెండోరోజు దాటితే అరటి నీరు వదలడం మొదలుపెడుతుంది, కాబట్టి మంగళవారమే చేసేసి చేతులు దులుపుకుందామని చూడకండి.

పైకి మెరాంగ్ ఎలాగూ గుడ్డే, పైగా దానికి ఓవెన్ కావాలి. ఆరోజు ఆవిడ ఓవెన్‌లో టర్కీ పొద్దుటినుంచీ కూర్చుని ఉంటుంది, అందులో చోటు అడిగితే బాగుండదు. క్రీమ్ గిలక్కొట్టండి. గురువారం పొద్దున్న, గిన్నె, బీటర్ పుల్లలు పావుగంట ఫ్రీజర్‌లో పెట్టి, ఒక పైంట్ (దాదాపు అరలీటరు) హెవీ విప్పింగ్ క్రీమ్‌లో నాలుగు చెంచాల పొడి పంచదార, చెంచా వెనిలా వేసి కొట్టండి. బీటర్ ఎత్తితే కొన కొద్దిగా వంగి నిలబడాలి. అక్కడ ఆపకపోతే వెన్న పడుతుంది. (వెన్న పడితే నెయ్యి కాచుకోండి, నాకు ఒక పండక్కి అదే లాభం.) క్రీమ్ పరిచి, పైన బిస్కెట్ పొడి చల్లడం వాళ్లింటికి వెళ్లాకే.

యాలకులు, కుంకుమపువ్వు సంగతి. వేస్తే బాగుంటుందా అంటే బాగుంటుంది, పాయసం లాంటి రుచి వస్తుంది. కానీ ఈసారి వేయకండి. ఆవిడ మిమ్మల్ని అడిగింది బనానా పుడ్డింగ్. ఆ టేబుల్ దగ్గర కూర్చునేవాళ్లకి అది వాళ్ల అమ్మ చేతి వంట. దాన్ని చూసి చెంచా నోట్లో పెట్టుకున్నవాళ్లకి యాలకుల వాసన తగిలితే ఒక్క క్షణం తికమకపడతారు. మన ఇంటికి వచ్చిన వాళ్లు పులిహోరలో చీజ్ తురిమితే మనకెలా ఉంటుంది? మీ యాలకులు మీరు పిలిచే విందులో వేయండి. ఈసారి వెనిలా ఒక్కటే. ఇంకో మాట, వీలైతే ముందే ఆవిడకి ఫోన్ చేసి "మీరు ఎలా చేస్తారు?" అని అడగండి. మెరాంగా, క్రీమా అన్న ఒక్క ప్రశ్న చాలు, అరగంట మాట్లాడుతుంది. గుడ్డు ఎందుకు వేయట్లేదో కూడా అప్పుడే చెప్పేయొచ్చు.

మీ అత్తగారు "రాత్రిపూట పాలు, అరటిపండు కలిపి తినకూడదు, కఫం" అంటారేమో, చాలా ఇళ్లలో ఉన్న మాటే. వాదించకండి. ఆ భోజనాలు ఎక్కువగా మధ్యాహ్నమే మొదలవుతాయి.

తీసుకెళ్లేటప్పుడు ట్రే కింద తడి తువ్వాలు మడిచి కారు డిక్కీలో పెట్టండి, జారదు. సీటు మీద వద్దు, సీటు వాలుగా ఉంటుంది. క్రీమ్ ఒక మూత డబ్బాలో విడిగా, ఐస్ పెట్టిన కూలర్‌లో. పాలతో చేసింది కాబట్టి ఫ్రిజ్ బయట మొత్తం రెండు గంటలకు మించి ఉండకూడదు. వాళ్ల ఫ్రిజ్ నిండిపోయి ఉంటుంది, చోటు ఉంటుందని నమ్ముకోకండి. పెద్ద కూలర్ ఉంటే ట్రే కూడా అందులోనే పెట్టేయండి, తీపి వడ్డించే వేళకు బయటకు తీయండి.

బుధవారం రాత్రి పొరలు పేర్చేటప్పుడే, ఒక చిన్న స్టీలు గిన్నెలో అత్తగారికి విడిగా వేసి మూత పెట్టి మీ ఫ్రిజ్‌లో ఉంచండి. వంటకం కుదిరితే ట్రే ఖాళీగా వస్తుంది, ఆవిడకి రెండోసారి తినాలనిపిస్తే ఇంట్లో ఉండాలి కదా.